స్టష్ కుర్చీ, క్లీవ్‌లాండ్ కుర్రాడు

పిట్స్‌బర్గ్‌లో కుర్చీ అంటే ఆషామాషీ కాదు. మంచు ఎత్తిపోసి కారుకు చోటు చేసుకున్నవాడు అక్కడ ఓ వంటింటి కుర్చీ వేసి పోతే, మేయరు దిగి వచ్చినా దాన్ని ముట్టుకోడు. అలాంటి ఊళ్ళో, బీల్‌స్కీ బారు వెనక గదిలో, స్టష్ హూడాక్ కుర్చీ ఖాళీ అయింది. మనిషి ఆ వసంతంలోనే గుండె ఆగి పోయాడు. ఆ కుర్చీలో తను కూర్చుంటానని అతని భార్య మార్లీన్ అనేసరికి బారంతా నోరు వెళ్ళబెట్టింది.

మార్లీన్ స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆ కొండ రోడ్ల మీద, ఆ మంచులో, వెనక పిల్లలు పైకప్పు ఎగిరిపోయేలా గోల చేస్తున్నా స్టీరింగు వణకనివ్వలేదు. బారులో నలుగురు మగాళ్ళు నవ్వితే జడుస్తుందా?

ఆ గదిలో ఏటా ఆగస్టులో పది మంది కూర్చుని ఉత్తుత్తి అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు కట్టుకుంటారు. నిజంగా ఆడే ఆటగాళ్ళ పేర్లే వంతులవారీగా ఏరుకుంటారు. ఒకరు తీసుకున్న పేరు ఇంకొకరికి దక్కదు. ఆదివారాల్లో వాళ్ళు మైదానంలో ఎలా ఆడితే వీళ్ళకు అలా పాయింట్లు. జట్టుకు ప్రాణం క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి చేతిలో పెట్టుకుని ఎవరికి విసరాలో తేల్చేవాడు. సీజను చివర అట్టడుగున మిగిలినవాడు కుర్చీ వదులుకోవాలి. స్టష్ కిందా మీదా పడి పాతికేళ్ళు ఆ కుర్చీని నిలబెట్టుకున్నాడు. అది పోతే ఆయన రెండోసారి పోయినట్టేనని మార్లీన్ బెంగ.

ఆ ఆగస్టులో ఓ ఆదివారం మధ్యాహ్నం సాసేజీలు, బీరు బల్ల మీదికి రాగానే ఎంపిక మొదలైంది. అందరూ క్వార్టర్‌బ్యాకుల మీద ఎగబడ్డారు. మార్లీన్ మాత్రం తన వంతు వచ్చినప్పుడల్లా పరిగెత్తేవాళ్ళనీ, బంతి అందుకునేవాళ్ళనీ తీసుకుంటూ పోయింది.

మరిది రీజిస్‌కు నవ్వాగలేదు. ఆమె ఓడితే ఆ కుర్చీ తన అల్లుడికి వస్తుందని ఆయన ఆశ.

"ఏంటి వదినా, డ్రైవర్ లేని బండికి టైర్లు కొంటున్నావు?"

"డ్రైవర్ సంగతి నాకొదిలెయ్. నువ్వు నీ సాసేజీ తిను."

ఆఖరి వంతు వచ్చింది. మార్లీన్ గొంతు సవరించుకుని, "కోల్టన్ ప్రూయిట్" అంది.

బారు యజమాని బీల్‌స్కీ చేతిలో జగ్గు చేతిలోనే ఉండిపోయింది. ప్రూయిట్ పిట్స్‌బర్గ్‌కు తరతరాల పగ ఉన్న క్లీవ్‌లాండ్ జట్టు క్వార్టర్‌బ్యాక్. అందరిలోకీ మొనగాడని అక్కడ ప్రతివాడికీ తెలుసు. కానీ క్లీవ్‌లాండ్ వాడి పేరు తన జట్టులో పెట్టుకునే పిట్స్‌బర్గ్ మనిషి ఇంకా పుట్టలేదు. మార్లీన్ నమ్ముకున్నది సరిగ్గా దాన్నే. ఎవడూ ముట్టుకోడని తెలిసినప్పుడు తొందరెందుకు?

"ఛీ ఛీ, అన్నయ్య వింటే సమాధిలోంచి లేచొస్తాడు!" అన్నాడు రీజిస్.

"రానీ. నాకు కావలసిందీ అదేగా" అంది మార్లీన్.

ఎత్తు బాగానే ఉంది గానీ అదృష్టం బాగాలేదు. ఆమె ఏరుకున్న పరుగుల వీరులు ఒకడి తర్వాత ఒకడు మోకాళ్ళు విరగ్గొట్టుకుని మూలపడ్డారు. ప్రూయిట్ ఒక్కడే జట్టును ఈడ్చుకొచ్చాడు. పాపం, క్లీవ్‌లాండ్ గెలిచినప్పుడల్లా మార్లీన్ నోట్లో రుమాలు కుక్కుకుని సంతోషించేది.

ఆఖరి ఆదివారం సాక్షాత్తూ పిట్స్‌బర్గ్ మీదే క్లీవ్‌లాండ్ ఆట. బారు కిటకిటలాడుతోంది. రీజిస్ అల్లుడు బ్రెంట్ కూడా వచ్చి ఓ పక్కన నిలబడ్డాడు. మార్లీన్ స్టష్ పాత నలుపూ పసుపూ పిట్స్‌బర్గ్ జట్టు చొక్కా వేసుకొచ్చింది. ఆట ముగిసే వేళ లెక్క తేలిపోయింది. ప్రూయిట్ ఇంకొక్క టచ్‌డౌన్, అంటే తనవాడు చివరి గీత అవతల అందుకునే బంతి, విసిరితే ఆమె కుర్చీ నిలుస్తుంది, కానీ పిట్స్‌బర్గ్ ఓడుతుంది. విసరకపోతే పిట్స్‌బర్గ్ గెలుస్తుంది, కుర్చీ పోతుంది.

"విసరరా నాయనా, విసురు" అని లోలోపల మొక్కుకుంది.

ప్రూయిట్ విసిరాడు. బంతి గాల్లో ఉండగానే పిట్స్‌బర్గ్ కుర్రాడొకడు మధ్యలో దూకి లాగేసుకున్నాడు.

"పట్టేశాడు! మనోడు పట్టేశాడు!"

బారులో అందరికంటే ముందు అరిచింది మార్లీన్. కుర్చీ వెనక్కి పడేలా లేచి, పక్కనున్న రీజిస్‌ను వాటేసుకుని గంతులేసింది. నాలుగు గంతులయ్యాక కుర్చీ సంగతి గుర్తొచ్చింది. కాళ్ళు ఆగిపోయాయి.

రీజిస్ ఆమె ముఖం చూడలేకపోయాడు. సీజనంతా ఆ కుర్చీ కోసమే కాచుక్కూర్చున్నవాడికి ఇప్పుడు అల్లుణ్ణి పిలవడానికి నోరు రాలేదు. ఆమే కుర్చీని లేపి, చేత్తో దులిపి, అల్లుడి వైపు జరిపింది.

"కూర్చో బ్రెంట్. పర్లేదు. క్లీవ్‌లాండ్ వాడి పుణ్యాన నాకు దక్కినా, ఆ కుర్చీలో మీ పెదమామయ్య ఎలాగూ కూర్చునేవాడు కాదు."

తర్వాత రీజిస్ భుజం మీద తల పెట్టి, అంత్యక్రియల్లో కూడా ఏడవని మనిషి వెక్కి వెక్కి ఏడ్చింది.

"మీ అన్నయ్య ఉంటే ఎంత గంతులేసేవాడో, రీజిస్! ఎంత గంతులేసేవాడో!"