వేరుబుడిపె రంగు

నీళ్లలో నానబెట్టిన పెసర వేళ్ల నుంచి తడిమట్టి వాసన లేచినప్పుడల్లా, బ్లేడు అందుకోబోయే నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది. తొంభైలలో బాన్సువాడ జూనియర్ కాలేజీలో మాకు వృక్షశాస్త్రం చెప్పిన అనసూయ మేడం గొంతు ఆ వాసనలోంచే వినిపిస్తుంది.

మొదటి ప్రాక్టికల్‌కు మేము కాలేజీ వెనక చేనులోని పెసర మొక్కలను కాండం పట్టి పీకి తెచ్చాం. "వేళ్లకు బుడిపెలు లేవు మేడం" అన్నాను. ఆమె నవ్వారు. "గడ్డి పీకినట్టు పీకితే ఏడుంటయే పిల్లా? మట్టిల్నే తెగిపోయినయి. కనబడలేదు అను. లేవు అనకు." మళ్లీ వెళ్లి, చుట్టూ తవ్వి, మట్టిపెళ్లతో సహా తెచ్చి నానబెట్టాం. ఆమె ఒక బుడిపెను రెండుగా కోశారు. లోపల గులాబీ రంగు, పచ్చి మాంసంలా. అందులో కాపురముండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి. మొక్క వాటికి చక్కెర పెడుతుంది. మన రక్తానికి ఎరుపునిచ్చే ప్రోటీన్ వంటిదే అక్కడా ఉంటుంది. తరువాత కాయలు ముదిరిన మొక్క బుడిపెను కోశారు. ఆకుపచ్చ. "ప్రోటీన్లను తెగగొట్టే ఎంజైములు లేచినయన్నట్టు. గిన్నొద్దులు సాదుకున్నదాన్ని మొక్కనే కరగదీసుకుంటది. ఇగ చాలని దానికి ఎవరు చెప్తరో నాకు తెల్వది. నువ్వు తెలుసుకొని చెప్తవా?"

ఆ ప్రశ్నే నా వృత్తి అయింది. రెండువేల సంవత్సరం దాటాక ఢిల్లీలో ఆ ఎంజైముల జన్యువుల మీదే పనిచేశాను. ఒక పెసర వంగడంలో అవి ఆలస్యంగా మేల్కొంటాయనీ, కాయలు నిండినా బుడిపె గులాబీగానే ఉంటుందనీ నమ్మకం కుదిరింది. అప్పటికి షుగర్ జబ్బు మేడం చూపును తీసుకుంది, మూత్రపిండాల మీద పడింది. "చూడలేను గని, నా ముందట కొయ్యి" అన్నారు ఫోనులో.

కాయలు నిండిన ఆ మొక్కల కుండీలను అట్టపెట్టెలో పెట్టుకుని రైల్లో తెచ్చాను. ఆమె ఇంటి వరండాలో కూర్చుని కోశాను. ఆకుపచ్చ. రెండో మొక్కదీ అంతే. ఆమెను చూసుకునే వాళ్ల అక్క నా చెవి దగ్గరకు వంగింది. "ఎర్రగున్నదని చెప్పు బిడ్డా. దీనికోసమే పానం పట్టుకొని ఉన్నది."

"ఏందక్కా గుసగుసలు? ఏ రంగే?"

"ఆకుపచ్చ మేడం. రెండూ."

ఆమె బుడిపెను తీసుకుని వేళ్ల మధ్య నలిపారు. "తొవ్వల ఎండ తగిలిందా?"

"లేదు మేడం. దారంతా పెట్టె మూసే ఉంది."

"చీకట్ల పెడ్తే మొక్క ఉపాసముంటది, బుడిపెను తింటది. గంత చదివి గది మరిచినవా?" నవ్వబోయి ఆయాసపడ్డారు. "వంగడం పనికిరాదని ఇప్పుడే అనకు. మళ్ల పెట్టు. ఈసారి ఈడనే పెట్టు. రంగు ఉన్నదున్నట్టు చెప్పినవ్, ఇగ నువ్వేం చెప్పినా నమ్ముత."

వాళ్ల పెరట్లోనే విత్తనాలు పెట్టి వెళ్లాను. అవి పూతకు రాకముందే ఆమె పోయారు. నీళ్లు పోయడం మాత్రం వాళ్ల అక్క మానలేదు. కాయలు నిండాక వచ్చి, తవ్వి, నానబెట్టి, కోశాను. గులాబీ రంగు. పైకే చెప్పాను. వాళ్ల అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇప్పటికీ రంగు రాసుకునే ముందు పైకి చెబుతాను. నాలో నేనే మాట్లాడుకుంటున్నానని విద్యార్థులు అనుకుంటారు. చెప్పి, ఎండ తగిలిందా అన్న మేడం ప్రశ్న కోసం కాసేపు ఆగుతాను.