ఓపిక పెట్టె

మా మేస్త్రీ గారు పోయారని పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. ఆయన భార్య చేసింది. "మీ మేస్త్రీ పోయినాడు మ్మా. నమాజు చేసుకుని కూర్చున్నాడు, కూర్చున్నోడు కూర్చున్నట్టే..." అని ఆగిపోయింది. నాకు ముందు ఏడుపు రాలేదు. కోపమొచ్చింది. ప్రభుత్వ సాయం రెండో విడత సంగతి తేలేదాకా ఉండొచ్చు గదా అనుకున్నాను. అలసిపోయిన మనసు అలాంటివే అనుకుంటుంది, ఏం చేయను.

బిట్రగుంట నుంచి సముద్రం వైపు పోయే రోడ్డులో, రొయ్యల గుంటల పక్కనే ఆయన మోటార్ల వైండింగ్ కొట్టు. డిప్లొమా చదివి ఎక్కడా ఉద్యోగం దొరక్క ఆరేళ్ళ కింద అక్కడ చేరాను. రాగి తీగ చుట్టడం ఆయన పని, కాగితాలు రాయడం నా పని. కాలిన మోటారు వస్తే విప్పకముందే వాసన చూసి ఏమైందో చెప్పేవారు. కళ్ళజోడు కాడ విరిగితే దానికీ రాగి తీగే చుట్టుకున్నారు.

రొయ్యల సాగు తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రొయ్యకు ఊపిరాడదు. అందుకని కరెంటు పోయి రాగానే వాటంతటవే లేచేట్టు ప్రతి రైతూ ఆటో స్టార్టరు పెట్టుకుంటాడు. అన్నీ ఒక్కసారే లేస్తే వోల్టేజి పడిపోతుంది, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు కొట్టేస్తుంది, వచ్చిన కరెంటు మళ్ళీ పోతుంది. కాలిన మోటార్లన్నీ మా కొట్టుకే. "మనకు కూడు పెట్టేది అవే గదా మేస్త్రీ" అంటే, "ఒకడి కడుపు కాల్తే మన కడుపు నిండేది నాకు అరగదు మ్మా" అనేవారు.

అలా ఆలోచించి, తన వంతు వచ్చేదాకా ఆగి మోటారును లేపే చిన్న పెట్టె ఒకటి చేశారు. రైతులు ఎగతాళిగా దాన్ని ఓపిక పెట్టె అన్నారు. కరెంటు లైన్లను నిలకడగా ఉంచే పనులకు, చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం పరిశోధన సాయం ఇస్తుందన్న ప్రకటన నేనే చూశాను. దరఖాస్తులో విద్యార్హత గడి దగ్గర నా చెయ్యి ఆగింది. "ఏడో తరగతి అని రాయి. అబద్ధం రాస్తే గుర్తుపెట్టుకోవాల, అది నా వల్ల కాదు" అన్నారు. మూడుసార్లు తిప్పి పంపారు. నాలుగోసారి మొదటి విడత వచ్చింది, ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది పన్నెండు గుంటలకు పెట్టెలు బిగించాం.

అధికారులు చూడటానికి వచ్చిన రోజు లైను ఆపి మళ్ళీ ఇచ్చారు. పన్నెండు గుంటలూ ఒక్కసారే హోరుమన్నాయి. ఫ్యూజు ఢామ్మంది. తీరా చూస్తే, ఎంతసేపు ఆగాలో చెప్పే మరను ప్రతి రైతూ పక్కవాడికి తెలియకుండా సున్నాకు తిప్పుకున్నాడు. "నాదొక్కటే గదా అనుకున్నా మేస్త్రీ" అని ఒకాయన తల గోక్కున్నాడు. పన్నెండు మందీ అదే అనుకున్నారు! నాకు ఒళ్ళు మండిపోయింది.

"వాళ్ళనేం అనబాక మ్మా. గుంటలో రొయ్య చస్తా ఉంటే ఎవుడు ఆగుతాడు? మర వాళ్ళ చేతికిచ్చింది నేను" అన్నారు మేస్త్రీ గారు. సాంకేతిక లోపమని రాసి గట్టెక్కుదామన్నాను. ఒప్పుకోలేదు. "జరిగింది జరిగినట్టు రాయి. ఇంకో ఊళ్ళో ఇంకొకడు ఈ తప్పే చెయ్యకూడదు గదా. వాళ్ళు సాయం ఇచ్చేది దానికే గదా." అలాగే రాశాను. రెండో విడత వస్తే లైను మొత్తానికి పెట్టెలు పెట్టాలి. అది అక్కడే ఆగింది. రోజూ పొద్దున "ఏమన్నా కదిలిందా మ్మా?" అని అడిగేవారు. "పరిశీలనలో ఉంది" అనేదాన్ని. "సరే, టీ తాగు" అనేవారు. ఏడాది దాటినా అదే మాట, అదే టీ.

ఈలోగా మేస్త్రీ గారు మరలు పీకేసి పెట్టెలకు సీలు వేశారు. అప్పుడు రైతులు ఎదురుతిరిగారు. ముందెవరిది, ఆఖరెవరిది? చీట్లు వేసి వారం వారం వంతులు మారుద్దామన్నా, ఆఖరి చీటీ ఎవరూ ముట్టుకోరు. "ఆఖరు నాది. నా కొట్టూ ఈ లైన్లోనే ఉండాది, దానికీ ఒక పెట్టె పెడతా. మీ అందరివీ లేచినాకే నా ఫ్యాను తిరగతాది" అన్నారు ఆయన. పన్నెండు మందీ వచ్చి చీట్లు తీశారు. ఎండాకాలం కరెంటు వచ్చిన తర్వాత కూడా ఆయన చెమటలు కక్కుతూ, దరఖాస్తు జిరాక్సుతో విసురుకుంటూ కూర్చునేవారు.

ఆయన లేరని సాయం ఇచ్చే ఆఫీసుకు తెలియజేస్తే, పరిశోధకుని పేరు మార్చండి, లేదా దరఖాస్తు వెనక్కి తీసుకోండి అని జవాబొచ్చింది. ఒళ్ళంతా నీరసంగా ఉంది. వెనక్కి తీసుకుందామనే అనుకున్నాను. నిన్న మాత్రం ఆ గడిలో నా పేరు రాశాను. అనుభవం గడిలో, మేస్త్రీ దగ్గర ఆరేళ్ళు అని రాశాను.

ఎందుకంటే, ఆయనకు మట్టి ఇచ్చి వచ్చిన మధ్యాహ్నం పన్నెండు మంది రైతులూ కొట్టు ముందు నిలబడి ఉండగా కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది. "ఆఖరిది ఇంక నాకియ్యి మ్మా" అన్నాడు ఆనాడు తల గోక్కున్న రైతు. నేను జవాబు చెప్పేలోగా మొదటి గుంట మోటారు లేచింది. కాస్త ఆగి రెండోది. తర్వాత మూడోది. పన్నెండూ వరసగా లేచాయి, ఫ్యూజు నిలబడింది. చూడటానికి అధికారి ఒక్కడూ లేడు. ఏరేటర్లన్నీ తిరుగుతున్నాయి, ఇంక ఎవరి దారిన వాళ్ళు పోవచ్చు. ఎవరూ పోలేదు. అందరూ కొట్టులోకే చూస్తున్నారు. ఖాళీ స్టూలుకు పైన ఆయన ఫ్యాను మెల్లగా కదిలి, తిరిగింది. అప్పుడు కదిలారు.