తలుపు దగ్గర చాప

నా చిన్నప్పుడు మా నానమ్మకు మూసిన తలుపంటే గిట్టేది కాదు. తలుపు వేశారంటే లోపల ఏదో గూడుపుఠాణీ జరుగుతున్నట్టేనని ఆవిడ లెక్క.

అలాంటిది, భావనపాడు దగ్గర మా ఊళ్ళో బాలవాడికే ఒకరోజు తలుపులు వేశారు. పిల్లల్ని రావద్దన్నారు. చుట్టుపక్కల ఊళ్ళ పంతులమ్మలకు అక్కడ శిక్షణట. నేర్పడానికి టెక్కలి నుంచి ఒక అమ్మగారు వచ్చింది. పంతులమ్మలకే పంతులమ్మ అన్నమాట. ఈ సంగతి మా నానమ్మకు మింగుడుపడలేదు. పసిపిల్లల్ని ఆడించడం కూడా ఒకరు నేర్పాలా? వచ్చినావిడ పిల్లల్ని ఎత్తుకుపోయే రకమేమోనని అనుమానపడి, ఇక నన్ను అటు పంపేది లేదని తేల్చేసింది. బాలవాడి మానేస్తే నాకు మిగిలేది ఎండుచేపల మీద వాలే కాకుల్ని తోలడమే. నాకు ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఇద్దరం చేపలకు కాపలా కాస్తుంటే, బాలవాడిలోంచి మా పంతులమ్మ ఏడుపు వినిపించింది. ఇంటికెళ్ళిపోతానని ఒకటే గగ్గోలు. నానమ్మ కాకుల్ని తోలే కర్రతోనే పరుగెత్తింది, వెనకాలే నేను. వెళ్ళి తలుపు దబదబా బాదింది.

“తలుపేసి ఆడకూతుర్ని ఏడిపిత్తన్నారేటి? తియ్యండి!”

తీస్తే ఏముంది, మా పంతులమ్మ నేల మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉంది. మొదటిరోజు బాలవాడికొచ్చిన పసిపిల్లలా నటిస్తోంది. ఇంకో పంతులమ్మ ఆమెను ఊరడించడం నేర్చుకుంటోంది. కర్రను చూసి మా పంతులమ్మ నిజంగానే ఏడవబోయింది.

మిగతావాళ్ళు పడీపడీ నవ్వారు. టెక్కలి అమ్మగారు మాత్రం నవ్వలేదు. పిల్లల కోసం చేసే పని తలుపేసుకుని చెయ్యడం తమదే తప్పని చెప్పి, రెండు రెక్కలూ బార్లా తెరిచి, గుమ్మం దగ్గర చాప పరిచింది.

“ఎండుచేపల దగ్గర కూర్చున్నట్టే ఇక్కడా కూర్చో అమ్మా. తేడాగా ఏది కనిపించినా అడిగెయ్.”

నానమ్మ మొహమాటపడలేదు. కర్ర ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంది. ఆ దొంగ ఏడుపెందుకు, ఏడ్చే పిల్లను కసరకుండా ముందు పక్కన కూర్చోవడమెందుకు అని అడుగుతూనే ఉంది. అమ్మగారు విసుక్కోకుండా చెబుతూనే ఉంది. మర్నాడు పిల్లల్నీ రమ్మంది, వాళ్ళ మధ్యే నేర్పుతుందట. ఈలోగా మా చేపలు సగం కాకుల పాలయ్యాయి. నానమ్మ ఆ ఊసే ఎత్తలేదు. ఇంటికొస్తూ నాతో ఒక్క ముక్క అంది.

“రేపు బాలవాడికి ఎల్లే, గుంటా. నానూ వత్తాను. ఆవిడ మీద నాకింకా నమ్మకం లేదు.”

నాకు పట్టరాని సంతోషం వేసింది.

ఇప్పుడు నాదీ ఆ అమ్మగారి పనే, కాకపోతే ఇంకో మెట్టు పైన. పలాసలో అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇచ్చేవాళ్ళకు నేను తర్ఫీదు ఇస్తాను. ఏసీ గదైనా సరే, తలుపు మూయనివ్వను. గుమ్మం దగ్గర చాప వేయిస్తాను. తల్లులు, నానమ్మలు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, నిలదీయొచ్చు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ చూపులకు ఇబ్బంది పడతారు. నాకైతే ఆ చాప ఖాళీగా ఉన్న రోజే అనుమానం మొదలవుతుంది, నా మీద నాకే.