పూలజాడీలో ఉత్తరం

మామ్మగారు పోయారని మంగళవారం పొద్దున మా వదిన చెప్పింది. ఎదురు అపార్ట్‌మెంట్‌లో కూతురి దగ్గర ఉండే మామ్మగారు. నిద్రలోనే పోయారట. నేను కాఫీ కప్పు కింద పెట్టేశాను. వదిన నా మొహంలోకి చూసి, "అదేంటి, మనకి చుట్టాలు కూడా కాదుగా. మీ తాతగారు పోయినప్పుడు కూడా నువ్వింత డల్ అవ్వలేదు" అంది. లోపల్నించి అన్నయ్య అందుకున్నాడు. "దానికి షామ్‌బర్గ్ వెళ్ళాలని లేదు. ఇదో వంక దొరికింది."

మా ఇంట్లో నా గురించి ఉన్న అభిప్రాయం అదే. ఏదీ పూర్తి చేయని మనిషిని. వీణ రెండేళ్ళు, ఈత ఒక వేసవి, నాలుగేళ్ళలో మూడు ఊళ్ళు, ఇప్పుడు ఇంకో రాష్ట్రంలో, షామ్‌బర్గ్‌లో కొత్త ప్రాజెక్ట్. "నీకు ఇంటర్వెల్ దాకే ఓపిక" అంటాడు అన్నయ్య. శనివారాలు నేను క్లబ్‌హౌస్‌కి వెళ్ళేది ఇంట్లో పని తప్పించుకోవడానికనీ, ముసలివాళ్ళని చూసి నవ్వుకోవడానికనీ వాళ్ళు ఎప్పుడో తేల్చేశారు. రెండో మాటలో, మొదట్లో, కొంచెం నిజం ఉంది.

పార్సిప్పనీలో మా కాంప్లెక్స్ క్లబ్‌హౌస్‌కి ఒక పెద్ద టీవీ ఉంది. పిల్లల దగ్గర ఆర్నెల్లు గడపడానికి మన దేశం నుంచి వచ్చిన పెద్దవాళ్ళు శనివారం మూడింటికి అక్కడ చేరతారు. కారు లేకుండా నడిచి వెళ్ళగలిగే చోటు వాళ్ళకి అదొక్కటే. మొదట్లో తెలుగు సినిమాలే వేసుకునేవాళ్ళు. ఎవరి హీరో సినిమా వేయాలన్న దగ్గర గొడవలయ్యాయి. ఇద్దరు పెద్దమనుషులు నెల రోజులు మాట్లాడుకోలేదు. అప్పుడు మామ్మగారు, ఎవరో ఖాళీ చేస్తూ వదిలేసిన అట్టపెట్టెలోంచి ఒక డీవీడీ తీసి, "ఇది వేద్దాం. ఇందులో ఎవరి హీరో లేడు" అన్నారు.

అది హాలీవుడ్ వాళ్ళకి మాటలు వచ్చిన కొత్తలో తీసిన పాటల సినిమా. నలుపు తెలుపు. ప్రేమ కథ, నవ్వులాట, ఉన్నట్టుండి నలభైమంది అమ్మాయిలు మెట్ల మీంచి దిగి కాళ్ళు ఎగరేయడం. శబ్దం గరగరమంటుంది. ఆ ఇంగ్లీషు నాకే సగం అర్థం కాదు, వాళ్ళకి అసలే కాదు. అందుకని మామ్మగారు టీవీ పక్కన కుర్చీ వేసుకుని, స్టీలు గ్లాసు మీద చెంచాతో టింగుమనిపించి, తెలుగులో కథ చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడకి ఇంగ్లీషు రాదని నాకు పది నిమిషాల్లో తెలిసిపోయింది.

ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. తెర మీద డబ్బున్న కుర్రాడు పియానో బాగుచేసేవాడినని అబద్ధం చెప్పి, గ్లవ్స్ అమ్మే అమ్మాయి ఇంట్లో దూరాడు. మామ్మగారేమో, "పాపం, తల్లి కోసం వెతుక్కుంటూ వచ్చాడు" అన్నారు.

"కాదు మామ్మగారూ, అతను అబద్ధం చెప్తున్నాడు. తల్లి ఊసే లేదు ఇందులో" అన్నాను గట్టిగా.

గదంతా నావైపు తిరిగింది. కరీంనగర్ నుంచి వచ్చిన తాతగారు ఒకరు కర్ర నేలకి తాటించి, "నువ్వు ఊకో బిడ్డా. ఆమెను చెప్పనియ్యి" అన్నారు.

అందరూ వెళ్ళాక మామ్మగారు నన్ను పిలిచారు. తిడతారనుకున్నాను.

"నువ్వు చెప్పిందే నిజమమ్మా. కానీ నువ్వు చెబుతుంటే అవతల ఇద్దరికి ఆవలింతలొచ్చాయి, చూశావా?"

చూశాను. అన్నీ చూడటం నా జబ్బు. అది పనికొచ్చే సంగతని అప్పటిదాకా అనుకోలేదు.

ఆ రోజే వాళ్ళ నాన్నగారి సంగతి చెప్పారు. మాటల్లేని సినిమాల రోజుల్లో, డేరా హాళ్ళలో తెర పక్కన నిలబడి జనానికి కథ చెప్పడం ఆయన పని. ఇంగ్లీషు అక్షరం రాదు. చేతిలో ఒక గంట, నోట్లో ఒక కథ. తర్వాత మాట్లాడే సినిమా వచ్చింది. "ఆ బొమ్మలకి నోరొచ్చింది, మా నాన్న నోరు పడిపోయింది" అన్నారు మామ్మగారు. ఆయన అదే హాలు గుమ్మంలో టికెట్లు చింపే పనిలో చేరారట. ఆవిడ పుట్టేసరికి ఆ పనిలోనే ఉన్నారు. అన్నాల దగ్గర మాత్రం పిల్లలకి పాత బొమ్మలన్నీ మళ్ళీ చెప్పేవారు. ఒక్కో రోజు ఒక్కోలా. నిన్న చచ్చిపోయినవాడు ఇవాళ బతికేవాడు, పిల్లలు అన్నం సరిగ్గా తింటే.

ఆ తర్వాత గురువారం సాయంత్రాలు నా డ్యూటీ అయింది. ఆవిడకి రిమోట్ రాదు. క్లబ్‌హౌస్‌లో మేమిద్దరమే కూర్చునేవాళ్ళం. "గొంతు తీసెయ్" అనేవారు. శబ్దం తీసేసి అదే సినిమా మళ్ళీ మొత్తం చూసేవారు. మొహాలు, చేతులు, ఎవరు ఎవరి వైపు ముందు తిరిగారు, అవే. పాట వస్తే నేను ముందుకి తోసేదాన్ని. ఆవిడ ఒప్పుకునేవారు కాదు. "పాటలో అందరూ ఆ పిల్ల కాళ్ళు చూస్తారు. నువ్వు ఆ అబ్బాయి మొహం చూడు. కథ అక్కడుంది."

ఒకసారి తెర చూపించి అడిగారు. "ఇంతమంది మనుషులు ఎప్పుడు మాట్లాడుకున్నా ఈ పూలజాడీ చుట్టూనే ఎందుకమ్మా చేరతారు?"

నేను ఎక్కడో చదివాను. ఆ రోజుల్లో మైకు కనపడకుండా పూలలో దాచేవారట. దూరం జరిగితే మాట వినపడదు. ఆ సంగతి నా తెలివంతా ఉపయోగించి వివరించాను.

మామ్మగారు శ్రద్ధగా విన్నారు. "బావుంది. కానీ మైకుందంటే ఎవరూ ముందుకి వంగరు. ఉత్తరముందంటే వంగుతారు" అన్నారు.

ఆ శనివారం అదే సినిమాకి మామ్మగారు కొత్త కథ ఎత్తుకున్నారు, పూలజాడీలో ఉత్తరం పడింది. మామ్మగారి కథ ప్రకారం ఆ కుర్రాడు గొప్పింట పుట్టినవాడు కాదు, పెరిగినవాడు. వాడి కన్నతల్లే గ్లవ్స్ పిల్లకి కుట్టుపని నేర్పిన ఆవిడ. ఆవిడ పోతూ కొడుక్కి రాసిన ఉత్తరాన్ని ఈ పిల్ల, ఇస్తే ఎక్కడ తనని వదిలి వెళ్ళిపోతాడోనని, పూలజాడీలో దాచేసింది. ఇక చూడండి. తెర మీద వాళ్ళిద్దరూ పూల దగ్గరికి వచ్చినప్పుడల్లా గదిలో కుర్చీలన్నీ కిర్రుమన్నాయి. "చెప్పేయ్ తల్లీ!" అని ఒకావిడ. "ఇప్పుడే చెప్తదా, ఇంక సగం సినిమా ఉండగా" అని తాతగారు. హాలీవుడ్ వాళ్ళు నవ్వించడానికి రాసిన మాటలకి, పార్సిప్పనీలో ముగ్గురు పమిటచెంగులతో కళ్ళు తుడుచుకున్నారు. నేనూ ముందుకి వంగే ఉన్నాను. ఆ అమ్మాయి అలిగి తలుపు వేసుకుని వెళ్ళిపోగానే మామ్మగారు గ్లాసు మీద టింగుమనిపించి, "విశ్రాంతి. మిగతాది వచ్చే శనివారం" అన్నారు.

ఉత్తరంలో ఏముందని బయట అడిగాను. "నువ్వూ శనివారం రా" అన్నారు.

అదే ఆవిడ నాతో అన్న చివరి మాట.

నిన్న, బుధవారం, మెయిల్ బాక్సుల దగ్గర కరీంనగర్ తాతగారు కనిపించారు. ఆయన ఆర్నెల్లు అయిపోయాయి. ఆదివారం ఫ్లైట్. కాసేపు మామ్మగారి గురించి మాట్లాడి, కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని, సిగ్గుపడుతున్నట్టు అడిగారు. "బిడ్డా, ఇట్ల అడగొద్దేమో. ఆ ఉత్తరం ఆ పిల్లగానికి అందిందా? తెల్వకుండనే పోవాల్నా నేను?"

అక్కణ్ణించి నేరుగా క్లబ్‌హౌస్‌కి వెళ్ళాను. శబ్దం తీసేసి రెండో సగం పెట్టాను. పోయిన గురువారం మామ్మగారి పక్కన కూర్చుని చూసిందే. ఎప్పుడూ ఫోన్ చూసుకుంటూ చూశాను కాబట్టి చూడనట్టే. కుర్రాడి తండ్రి బంగళా వచ్చింది. నున్నటి నేల, షాండ్లియర్, మధ్యలో బల్ల. బల్ల మీద అదే పూలజాడీ. అమ్మాయి ఇంట్లోదే, మెడ దగ్గర అదే గీత. సినిమా వాళ్ళ దగ్గర మైకు పెట్టడానికి ఒక్కటే ఉండి ఉంటుంది. దాన్నే ఇక్కడా పెట్టేశారు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ గురువారం సరిగ్గా ఇక్కడే మామ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఆగు. వెనక్కి తిప్పు" అన్నారు. రెండుసార్లు చూశారు. చిన్నగా నవ్వుకున్నారు. ఉత్తరాన్ని ఆ జాడీలో ఎందుకు వేశారో నాకు నిన్న తెలిసింది. అది ఆ ఇంటికి చేరుతుందని ఆవిడకి ముందే తెలుసు. ఎలా చేరింది, అందులో ఏం రాసుంది, అవి మాత్రం ఆవిడతోనే పోయాయి.

నాలుగుసార్లు చూశాను. పాటల్ని తోసెయ్యలేదు. చివరి పాటలో అమ్మాయిలంతా తెల్ల ఈకలు ఊపుతూ మెట్లు దిగుతుంటే, ఆ కుర్రాడు అటు చూడడు. బల్ల వైపు చూస్తాడు. ఏ కెమెరా మనిషి పొరపాటో తెలియదు. ఒక్క క్షణం, పూల వైపు.

టీవీ ఆపేశాక, పక్కన మామ్మగారి కుర్చీ ఇంకా జనం వైపు కొంచెం తిరిగే ఉంది. కిటికీ గట్టు మీద స్టీలు గ్లాసు, అందులో చెంచా. పోయిన శనివారం నుంచీ ఎవరూ తీయలేదు. చెంచా తీసి గ్లాసుకి తాకించాను. ఖాళీ గదిలో ఆ చప్పుడు చాలాసేపు ఉంది.

అన్నయ్య నాకు షామ్‌బర్గ్‌కి శనివారం పొద్దున ఫ్లైట్ బుక్ చేశాడు. దాన్ని ఆదివారానికి మార్చాను. శనివారం మూడింటికి రెండో సగం నేను చెబుతాను.