కొండ మీద చెట్లు తీసేయమన్నారు

2023లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక ఎగ్జిబిట్ డిజైన్ ఆఫీస్‌లో పనిచేసేదాన్ని. మ్యూజియంలలో పెట్టే ఊళ్ళ నమూనాలు చెక్కతో, ఫోమ్‌తో కట్టడం నా పని. ఆ ఏడు వచ్చిన పని, చైనాలోని యునాన్ కొండల్లో ఉండే హానీ తెగవాళ్ళ పల్లె. గడ్డికప్పుల ఇళ్ళు, పుట్టగొడుగుల్లా ఉంటాయి. ఇంట్లో పొయ్యి ఆరనివ్వరని చదివి, ప్రతి ఇంట్లో గోరంత పొయ్యి కూడా పెట్టాను.

సలహా కోసం పిలిచిన మిసెస్ లీ అలాంటి పల్లెలోనే పుట్టారు. ఇప్పుడు మాకు దగ్గర్లోనే ఉన్న డబ్లిన్ ఊళ్ళో కూతురి దగ్గర ఉంటున్నారు. ఇళ్ళు చూసి మురిసిపోతారనుకున్నాను. ఆవిడ కొండ పైభాగం చూసి ఆగిపోయారు.

“ఇక్కడి చెట్లేవి?”

“సైట్‌లైన్‌కి అడ్డని మా డైరెక్టర్ తీసేయమన్నారండి.” సైట్‌లైన్ అంటే చూసేవాళ్ళ చూపు సాగే దారి. జనం వచ్చే తలుపు కొండ వైపుంది. చెట్లుంటే ఇళ్ళు కనబడవు.

“ఊరిని కాచే దేవుడు ఉండేది ఆ అడవిలోనే. కొమ్మ కూడా విరవం. ముందు అడవి, దాని కింద ఊరు, ఆ కింద వరి మళ్ళు. అడవి లేనిచోట మేము ఊరు కట్టం. ఇలాగే పెడితే నా పేరు తీసేయండి. ఇది మన ఊరని మనవలకు చూపించలేను.”

సిగ్గుతో చచ్చిపోయాను. పొయ్యిల గురించి చదివినదాన్ని, చెట్లు తీసేముందు ఆవిడకి ఒక్క ఫోన్ చేయలేదు.

నమూనా ఉన్న బల్ల తిప్పి, మళ్ళు తలుపు వైపు, అడవి వెనక్కి వచ్చేలా పెడదామన్నాను. డైరెక్టర్ మార్క్ ఒప్పుకోలేదు. “లైట్లన్నీ మళ్ళీ బిగించాలి. ఇది మోడల్, గుడి కాదు. చెట్లు లేని డ్రాయింగ్ మీదే సంతకం పెట్టు.”

పెట్టలేదు.

“అక్కా, నీ వీసా ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేయాల్సింది ఈ ఆఫీస్ వాళ్ళే కదా! నాలుగు చెట్ల కోసం ఇంత రిస్క్ ఎందుకు?” అన్నాడు పక్క సీటు ప్రసాద్. భయం వేసింది, నిజమే. కానీ ఒళ్ళు మండింది కూడా. లైట్లు బిగించలేక ఒకరి దేవుణ్ణి తీసేసే హక్కు మాకెవరిచ్చారు?

సోమవారం అందరికన్నా ముందే వెళ్ళి బల్ల తిప్పేశాను. కొండ పైభాగం నిండా చెట్లు పెట్టేశాను.

“ఎవరు చేయమన్నారు?” అని మార్క్ మండిపడ్డాడు.

“ఎవరూ చేయమనలేదు. ఒక్క చెట్టు పీకినా రేపట్నుంచి నేను రాను.”

చెట్లు ఉండిపోయాయి. తర్వాతి ప్రాజెక్ట్ మాత్రం నాకివ్వలేదు. మ్యూజియం గోడ మీద రాసిన, పనిచేసినవాళ్ళ పేర్లలో నాది లేదు. మిసెస్ లీ పేరుంది, అది చాలు.

ఓపెనింగ్ రోజు ఆవిడ మనవలకు మళ్ళు, ఇళ్ళు ముట్టి చూపిస్తూ వేలిని కొండ పైకి జరిపారు. అడవి దగ్గర వేలు వెనక్కి తీసుకున్నారు.

అప్పట్నుంచీ ఏ ఊరి పని వచ్చినా ముందు ఒక్కటే అడుగుతాను: “మీ ఊళ్ళో ముట్టుకోకూడనిది ఏది?” జవాబు వచ్చాకే పెన్సిల్ తీస్తాను. అప్పటిదాకా డెడ్‌లైన్ ఆగాల్సిందే.