మా ఆయన కాలికి వెల్లుల్లి కట్టు

మా ఆయన సూరత్‌లో మరమగ్గాల దగ్గర, మా మాటలో సాంచల దగ్గర, రోజుకు పన్నెండు గంటలు నిలబడి పనిచేస్తాడు. లాక్‌డౌన్ తర్వాత సేటు కార్ఖానా తెరిచినప్పటి నుంచి ఎడమ పిక్క మీద నరాలు ఉబ్బి ఎర్రబడ్డాయి. ఆస్పత్రికి వెళితే కరోనా అంటుకుంటుందని భయపడి, ఫోన్‌లో ఎవరో పంపిన చిట్కా నమ్మి వారం రోజులు వెల్లుల్లి నూరి కట్టుకున్నాడు. కారం, పచ్చళ్లు కూడా మానేశాడు.

ఈ రోజు పొద్దున కట్టు విప్పితే చర్మమంతా బొబ్బలు. నాకు ఒళ్లు మండిపోయింది. మాస్కు తగిలించి పర్వత్ పాటియాలో డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లాను. డాక్టర్ కట్టు మాన్పించి, స్కానింగ్ రాసిచ్చి, పనిలో మధ్యమధ్య కూర్చుని కాలు ఎత్తిపెట్టుకోమన్నాడు.

బయటికి రాగానే మా ఆయన నవ్వాడు. "సాంచల నడుమ కుర్చీ ఏసే జాగ యాడున్నదే?"

"జాగ జూపియ్యమని సేటునడుగు."

"అడిగితే ఇంట్లనే కూసోమంటడు."

చిట్కాలు పంపేవాళ్లకు దండం, ఇక చాలు. నిలబడి పనిచేసేవాళ్లెవరైనా కూర్చుంటామని సేటును అడిగి, పని పోకుండా బయటపడ్డారా? ఏ మాటలతో అడిగారో రాయండి. ఈయనకు చదివి వినిపిస్తాను.