అవ్వ కడిగిన మంటపం

మా అవ్వ కలుపు తీసిన సాలులో వెతికినా గడ్డిపోచ దొరికేది కాదు. మొయినాబాద్ చుట్టుపక్కల కూలికి పిలిచేవాళ్లు ముందు మా ఇంటి తలుపే కొట్టేవారు. నాకు జన్మనిచ్చిన తల్లే గానీ, చేనులో పనికిరాని మొక్క కనిపిస్తే ఆమె మొహం చూడాలంటే నాకూ భయమే. ఎవరో తనను తిట్టిపోయినట్టు చూసేది.

హైటెక్ సిటీ లేచి, సాఫ్ట్‌వేర్ వాళ్లు మా వైపు భూములు వెతుక్కుంటూ వచ్చిన రోజుల్లో మా చేను కూడా అమ్ముడుపోయింది. బాపు పోయాక దాన్ని నిలుపుకోవడం మా వల్ల కాలేదు. కొన్న మేడం అవ్వనే తోటపనికి పెట్టుకుంది. ఇంట్లో పొయ్యి, నా కంప్యూటర్ కోర్సు, రెండూ ఆ జీతం మీదే నడిచేవి. ఆ పని పోతే నా చదువు అక్కడితో సరి.

చేను మూలన ఎప్పుడో కూలిన రాతి మంటపం ఒకటి ఉంది. ఏ రాజు కట్టించాడో ఊళ్లో ఎవరికీ తెలియదు. మాకు అది మేకలు కట్టేసే చోటు, మధ్యాహ్నం సద్ది విప్పే చోటు, అంతే. శివరాత్రి దాటాక ఆ రాళ్ల సందుల్లో గడ్డిచామంతులు, పల్లేరు పూలు, ఊదారంగు నేలవాకుడు పూలు విరగబూసేవి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నా వాటిని పూలని మేమెవరం అనుకోలేదు. పూలంటే మాకు బంతి, మల్లె, అంగట్లో మూరల లెక్కన అమ్మేవి.

ఒక శనివారం పొద్దున మేడం నాకు ఫోన్ చేసింది. "రేపు ఫ్రెండ్స్ వస్తున్నారు. వాళ్లకు మంటపం చూపించాలి. అక్కకు చెప్పమ్మా" అంది. నేను ఆ మాట అవ్వకు అందించాను.

అవ్వ వెంటనే కొంగు బిగించింది. "పట్నం కెల్లి మనుషులొస్తుంటే గట్ల అడివి లెక్క ఉంచుతమా? మంది నవ్వరా?" అంటూ నన్నూ లాక్కుపోయింది. పొద్దుగూకేదాకా ఇద్దరం వేళ్లతో సహా పీకాం. నేలవాకుడు ముళ్లకు ఆమె చేతులు మోచేతుల దాకా గీరుకుపోయాయి. రాళ్లన్నీ కడిగింది. ఆదివారం తెల్లవారగానే గడప లేని ఆ మంటపం ముందు ముగ్గు కూడా వేసింది.

కార్లు వచ్చాయి. మేడం దిగి రెండడుగులు వేసి ఆగిపోయింది. వెనకే వచ్చిన ఒకాయన మెడలో కెమెరా సర్దుకుంటూ, పూలెక్కడ అని ఇంగ్లీషులో అడిగాడు. వాళ్లు వచ్చింది మేం పీకేసిన ఆ పూల కోసమేనని నాకప్పుడు తెలిసింది. అవ్వకు ఆ ప్రశ్న అర్థం కాలేదు.

"సూడుండ్రి మేడం, అద్దం లెక్క జేసిన. ఒక్క పోచ దొరికితే అడుగుండ్రి" అంది సంబరంగా.

మేడం ఆమె చేతుల వైపు చూసింది. తర్వాత స్నేహితుల వైపు తిరిగి, "ఇది అక్క వాళ్ల చేను. మనం వస్తున్నామని నిన్నంతా కష్టపడి కడిగిపెట్టింది. చెప్పులు విప్పి రండి" అంది. అందరూ చెప్పులు విప్పి ఆ రాళ్ల మీదే కూర్చుని భోంచేశారు. మళ్లీ ఎవరూ పూల మాట ఎత్తలేదు.

కార్లు వెళ్లిపోయాక అవ్వకు సంగతి చెప్పాను. "గడ్డిపువ్వులు సూడనీకి గంత దూరం కెల్లి ఒచ్చిన్రా?" అని ముందు నన్నే కసిరింది. తర్వాత ఒక రాయి మీద కూలబడింది. "నా పని పాయె బిడ్డా. నీ సదువు నా చేతులతోనే పీకేసిన."

మళ్లీ ఆదివారం మేడం రాగానే, ఏమీ అనకముందే అవ్వ గేటు తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. మేడం దాన్ని తిరిగి అవ్వ గుప్పిట్లోనే పెట్టి మూసింది.

"అవి మళ్లీ వస్తాయా అక్కా?"

"కలుపు గద మేడం. ఒద్దన్నా ఒస్తది."

"అయితే వచ్చేదాకా చూద్దాం."

నేను కోర్సు పూర్తిచేశాను, గచ్చిబౌలిలో ఉద్యోగం దొరికింది. ఇదంతా నా తెలివి అని చుట్టాలంటారు. నేను కాదని చెబుతాను. ఆ రోజు నలుగురిలో మేడం ఒక్క మాట తూలి ఉంటే, ఉండమన్నా మా అవ్వ ఆ చేనులో ఉండేది కాదు. తూలలేదు. అందుకు ఆమెకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

పూలు పీకిన మరుసటి ఏడు శివరాత్రి దాటాక ఒక పొద్దున అవ్వ పని మధ్యలోనే ఇంటికి పరుగున వచ్చి నన్ను ఫోన్ కలపమంది. ఏమైందోనని కంగారుగా కలిపి ఇచ్చాను. అమ్మిన నాటి నుంచి ఆ నేలను ఆమె ఎప్పుడూ "మేడమోళ్ల జాగ" అనే అనేది.

"మేడం, మన చేన్ల పూలు పూసినయ్" అంది ఫోన్‌లో. "జర జల్ది రాండ్రి."